రాజమల్లు అన్న చేతి చప్పుడు

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను ఏడిపించడంలో మా గోదావరిఖనిలో నన్ను మించినవాడు లేడు. ఇరవై ఏళ్లుగా కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోతున్నాను. ఇనుము, ఆవిరి, బురద తప్ప ఇంకోటి నమ్మే అలవాటు లేదు. అందుకే ఇది చెప్పడానికి ఇన్నాళ్లు నోరు రాలేదు.

మా పని కండెన్సర్ కడగడం. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరి అందులోనే మళ్లీ నీళ్లవుతుంది. లోపల చల్లనీళ్లు పారే సన్నగొట్టాలు వేలల్లో ఉంటాయి. వాటిలో మట్టి పేరుకుంటే ఎంత బొగ్గు తగలబెట్టినా రావలసిన కరెంటు రాదు. ప్లాంటు ఆపినప్పుడు ఒక్కో గొట్టంలో రబ్బరు బుల్లెట్ పెట్టి నీళ్ల ఒత్తిడితో అవతలికి కొడతాం.

ఇవతల నేను, అవతల రాజమల్లు అన్న. ఒకరి మాట ఒకరికి వినబడదు. బుల్లెట్ అందగానే అతను స్పానరుతో ఇనుము మీద కొట్టేవాడు. రెండుసార్లు, కాస్త ఆగి ఇంకోసారి. అది విన్నాకే నేను తర్వాతది వదలాలి. అలా కొట్టేది అతనొక్కడే.

పోయినసారి తొందరపడి, చప్పుడు రాకముందే వదిలాను. అతని వేలు చితికింది. తప్పు నాదే. అయినా నలుగురిలో తిట్టాడని నేనే అలిగి ఏడాదంతా మాట్లాడలేదు. నా పొగరు అలాంటిది.

ఈసారి పని మొదలయ్యేసరికి అతను కామెర్లు ముదిరి మంచిర్యాల దవాఖానలో ఉన్నాడు. క్షమించమని అడగాలని సగం రోజు పర్మిషన్ తీసుకున్నాను. పన్నెండింటికి బయలుదేరతానని వదినకు ఫోన్ కూడా చేశాను.

ఆ రోజు పొద్దున లోపలికి దిగి కూర్చున్నానో లేదో, అవతలి నుంచి చప్పుడు. రెండుసార్లు, ఆగి ఇంకోసారి. ప్రాణం లేచొచ్చింది. తగ్గిపోయి డ్యూటీకి వచ్చేశాడనుకున్నాను. సాయంత్రం గేటు దగ్గర చాయ్ తాగుతూ అడుగుదామని పర్మిషన్ వదిలేశాను. అన్నానికి కూడా లేవలేదు. బుల్లెట్ వదిలిన ప్రతిసారీ జవాబు వచ్చింది. మధ్యాహ్నం రెండు దాటాక ఆగిపోయింది.

చాలాసేపు చూసి అవతలివైపు వెళ్లాను. మనిషి లోపలికి దిగే మ్యాన్‌హోల్ మూతకు బోల్టులు బిగించే ఉన్నాయి.

"పొద్దటి సంది ఎవ్వలూ దిగలే. మనిషి దొరకలేదని నీకు చెప్పలేదా?" అన్నాడు సూపర్‌వైజర్.

మూత తీయిస్తే నేను కొట్టిన బుల్లెట్లన్నీ కింద కుప్పగా పడి ఉన్నాయి.

నేను దవాఖానకు చేరేసరికి అన్న లేడు. రెండింటికి పోయాడట. వదిన నన్ను చూసి గొల్లుమంది.

"నీ పేరే తీసిండు తమ్మీ. వస్తున్నడని జెప్తే తలుపు దిక్కే చూసుకుంట పోయిండు. ఎందుకు రాలే?"

ఇనుము చల్లబడేటప్పుడు చప్పుడు చేస్తుందని ఇంజనీరు సారు అన్నారు. నిజమే, చేస్తుంది. కానీ నేను బుల్లెట్ వదిలేదాకా ఆగి, వదిలాక పలికే ఇనుమును నేను చూడలేదు. అక్కడ నాకోసం చూస్తున్న మనిషి ఇక్కడ నన్ను కదలనివ్వకుండా ఎందుకు కూర్చోబెట్టాడు? అతను కాకపోతే మరెవరు? తలచుకుంటే ఏడుపొస్తుంది కానీ అర్థం మాత్రం కాదు.

వదిన మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేను చెప్పలేదు.