రెండో బ్రేకు

మనుషులు మూడే రకాలని అక్కయ్య లెక్క. బ్రేకు రకం, హారను రకం, అద్దం రకం. బ్రేకు రకం వాళ్ళు ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉన్నా బ్రేకు మీద కాలు తియ్యరు. హారను రకం వాళ్ళు తప్పు తామే చేసి ఊరందరి మీదా విరుచుకుపడతారు. అద్దం రకం వాళ్ళకి వెనకాల ఏం జరుగుతోందన్న ధ్యాసే తప్ప ముందేముందో పట్టదు. తన డ్రైవింగ్ స్కూల్లో ఎవరు కొత్తగా చేరినా, కారెక్కి తలుపు వేసుకునే తీరు చూసే ఏ రకమో తేల్చేసేది. తేల్చాక ఇక తిరుగులేదు. ఎవరైనా అడ్డు చెప్పబోతే "ఆయనంతే అండీ" అనేది. ఆ 'అంతే' దగ్గర ఎంతటి వాదనైనా ఆగిపోవలసిందే.

అక్కయ్య అన్నది ఆమె పేరు కాదు. చెల్లెలి నోట విని డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు అందుకున్నారు, వాళ్ళ దగ్గర్నుంచి వీధి వీధంతా అందుకుంది. చివరికి కన్నతల్లి కూడా అప్పుడప్పుడు నోరు జారి అక్కయ్యా అని పిలిచి నాలుక కరుచుకుంటుంది. స్కూలంటే పెద్దగా ఏమీ లేదు. గోడ నిండా రోడ్డు గుర్తుల పటాలున్న ఒక గది, దాని పక్కనే మొగుడి మెకానిక్ షెడ్డు, ఆ రెంటి మధ్యా నిలబెట్టిన ఎర్ర కారు. నేర్పేవాళ్ళు కూర్చునే వైపు కూడా ఆ కారుకి ఒక బ్రేకు ఉంది. కొత్తవాళ్ళు కంగారుపడితే ఆపడానికని ఆయనే స్వయంగా బిగించాడు.

ఆ ఇంట్లో మనుషుల్ని తేల్చెయ్యడం తల్లి దగ్గర నుంచే మొదలయింది. "పెద్దది పులి, చిన్నది పిల్లి" అని ఆవిడ ఇద్దరు కూతుళ్ళనీ ఉయ్యాల నాడే తేల్చేసింది. చిన్నది నిజంగానే ఆచితూచి మాట్లాడే మనిషి. లైబ్రరీలో బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలిచ్చే ఉద్యోగం. ఆమె మాట వినాలంటే ఎదుటివాళ్ళు ముందుకి వంగాలి. లైబ్రరీ కదా, ఆమెని ఎవరూ తప్పు పట్టలేదు.

అటువంటి పిల్లి ఒకనాడు వచ్చి తనకి డ్రైవింగ్ నేర్పమంది. లైబ్రరీకి ఒక పుస్తకాల వ్యాను ఉంది. పేటపేటకీ తిరిగి, నడవలేని వాళ్ళకీ, తీరిక లేని వాళ్ళకీ గుమ్మం ముందే పుస్తకాలిస్తుంది. దాని డ్రైవరు పెద్దాయన త్వరలో రిటైరవుతున్నాడు. ఆలోపు లైసెన్సు తెచ్చుకుంటే ఆ పని ఈమెకే ఇస్తామన్నారు. లేకపోతే బయటివాళ్ళని తీసుకుంటారు. ఈ సంగతంతా చెల్లెలు గోడ మీది పటాలకేసి చూస్తూ చెప్పింది. చివర్లో మాత్రం అక్క మొహంలోకి సూటిగా చూసి, "నాకు ఆ వ్యాను కావాలక్కా" అంది. చెల్లెలు ఏదైనా కావాలని నోరు విప్పి అడగడం అక్కయ్య ఎరగదు. గుండె కరిగింది. ఆ వెంటనే బెంగా పట్టుకుంది. ఇది బ్రేకు రకం కదా, వ్యాను ఎలా నడుపుతుంది?

పాఠానికి ఇద్దరిద్దర్ని తీసుకెళ్ళడం అక్కయ్య పద్ధతి. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక సీట్లో కూర్చుని చూస్తారు. చెల్లెలికి జతగా దొరికినవాడు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే మాస్టారు. అసలు సిసలు అద్దం రకం. స్టీరింగు పట్టుకుంటే నోరు మెదపడు కానీ, వెనక సీట్లోకి మారాడంటే పాఠం ఆపడు.

మూడు రకాల లెక్క విని మాస్టారు నవ్వలేదు. పెద్ద పెద్దవాళ్ళు కూడా ఇలాగే మొదలుపెట్టారన్నాడు. ఒకాయన మనుషుల్ని లోపలికి చూసేవాళ్ళనీ బయటికి చూసేవాళ్ళనీ విడదీశాడట. ఇంకొకాయన మనసుని మూడంతస్తుల ఇల్లు చేశాడట. కింద వాటాలో కోరికలు, పై వాటాలో నీతులు చెప్పే పెద్దమనిషి, ఇద్దరికీ సర్దిచెప్పలేక నలిగిపోయే నడిమి వాటావాడు. తరవాత వచ్చినవాళ్ళు రకాలేమీ లేవు, అయిదు గుణాలున్నాయి, అవి ఒక్కొక్కరిలో ఒక్కో పాళ్ళలో కలుస్తాయన్నారట.

"అయిదెందుకండీ, మూడు సరిపోతుంటే" అంది అక్కయ్య. మలుపులో చెయ్యి చూపించమని చెల్లెల్ని కసిరింది కూడా.

గుణమంటూ గట్టిగా ఏదీ లేదన్నవాళ్ళూ ఉన్నారన్నాడు మాస్టారు. బల్ల దగ్గర పెదవి విప్పని మనిషే స్నేహితుల మధ్య వసపిట్టలా వాగవచ్చు. మనిషీ, చేసే పనీ, చుట్టూ ఉన్నవాళ్ళూ, ఈ మూడూ ఒకదాన్నొకటి మారుస్తూనే ఉంటాయి. ధైర్యం పుట్టుకతో వచ్చేది కాదు, ఒక పని చేసి నెగ్గినప్పుడల్లా కొంచెం కొంచెంగా వచ్చి చేరుతుంది. అక్కయ్య ఇదంతా ఒక చెవిన విని రెండో చెవిన వదిలేసింది. స్టీరింగు దగ్గర చెల్లెలు మాత్రం రెండు చెవులూ అప్పగించింది.

ఎంత విన్నా కారు కదిలితేనా? మాస్టారు నడిపితే తప్పులతోనైనా పరిగెత్తే కారు, చెల్లెలు నడిపితే ఈడ్చుకుంటూ నడిచేది. కొంచెం ఎత్తు వస్తే మూలిగి ఆగిపోయేది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు మోగించేవాళ్ళు. ఆగినప్పుడల్లా చెల్లెలి చెవులు ఎర్రబడేవి. ఇంట్లో తల్లి అడిగితే అక్కయ్య నిట్టూర్చి, "దానికి భయమమ్మా. అదంతే" అనేది. పక్క గదిలో చెల్లెలు వింటూనే ఉండేది. పరీక్ష దగ్గరపడుతున్న కొద్దీ, ఆ వ్యానుకి వేరే మనిషిని చూసుకోమని లైబ్రరీలో చెప్పేద్దామా అనే దాకా వచ్చింది.

ఒకరోజు అక్కయ్య మొగుడు సామాను కొనడానికి స్కూటరు మీద వెళ్తూ, దారిలో ఎర్ర కారు వెనక పడ్డాడు. సాయంత్రం ఇంటికి రాగానే, "మీ బ్రేకు లైటు పాడయింది, ఆరిందే లేదు" అన్నాడు. వెంటనే కారు కింద దూరి స్విచ్చు విప్పాడు, తీగలు చూశాడు, లైటు వెలిగించి ఆర్పాడు. ఏ లోపమూ దొరకలేదు. మర్నాడు పనిగట్టుకుని మళ్ళీ వెంటబడ్డాడు. మాస్టారు నడిపినంత సేపూ లైటు బుద్ధిగా వెలిగి ఆరింది. చెల్లెలు స్టీరింగు దగ్గరికి మారగానే మళ్ళీ వెలిగి, ఇక ఆరితే ఒట్టు. ఆయన స్కూటరు పక్కకి తెచ్చి కారు ఆపించాడు. కిటికీలోంచి తొంగి ముందు మరదలి కాళ్ళు చూశాడు, తరవాత పెళ్ళాం కాళ్ళు చూశాడు.

"స్విచ్చు బాగానే ఉంది" అన్నాడు. "తొక్కేవాళ్ళ సంగతే చూసుకోవాలి."

అక్కయ్య కిందికి చూసింది. ఆమె కుడికాలు రెండో బ్రేకు మీద ఉంది. ఊరికే ఆనించి లేదు, నొక్కిపెట్టి ఉంది. ఎప్పుడు పెట్టిందో ఆమెకే తెలియదు. చెల్లెలు స్టీరింగు పట్టుకున్న మొదటి రోజునుంచీ అక్కడే ఉండి ఉంటుంది.

వెనక సీట్లో మాస్టారు కూడా నోరు మూసుకున్నాడంటే సంగతి ఎంత పెద్దదో చూడండి.

"కారు నన్ను వెనక్కి లాగుతున్నట్టుండేది" అంది చెల్లెలు. "నా భయమే అనుకున్నానక్కా."

చిన్నప్పటి సైకిలు గుర్తొచ్చింది అక్కయ్యకి. చెల్లెలు తొక్కుతుంటే సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తింది తనే. వదిలితే పడిపోతుందని ఏనాడూ వదల్లేదు. ఆ పిల్లకి సైకిలు రాదు, దానికి భయం, అని ఇల్లంతా చాటింది కూడా తనే.

"నీది కాదే ఆ భయం" అంది. "నాది."

మర్నాడు అక్కయ్య చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ పైకి లాక్కుని, సీటు మీద మఠం వేసుకుని కూర్చుంది. పట్టపగలు నడిరోడ్డు మీద ఆ భంగిమ చూసి కూడలి దగ్గర పోలీసు కూడా తల తిప్పాడు. చెల్లెలు అలవాటుకొద్దీ యాక్సిలరేటరు గట్టిగా తొక్కేసరికి కారు ఒక్క దూకు దూకింది. మాస్టారి కళ్ళజోడు ఒళ్ళో పడింది. అక్కయ్య రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని, కాలు దింపకుండా, దేవుళ్ళందరినీ తలుచుకుంది. వీధి చివరికి వచ్చేసరికి కారు సాఫీగా పోతోంది. వారం తిరక్కుండానే, ఇదివరకు కారు ఆగిపోయిన ఎత్తు రోడ్డుని చెల్లెలు కబుర్లు చెబుతూ ఎక్కించేసింది. ఈ కథ క్లాసులో చెప్పుకోవచ్చా అని మాస్టారు బతిమాలాడు. తన ఊసు లేకుండా చెబితే సరేనంది అక్కయ్య.

పరీక్ష రోజున నేర్పినవాళ్ళు గేటు బయటే ఉండాలి. అక్కయ్య బెంచీ మీద కూర్చుని, ఎర్ర కారు మలుపు తిరిగినప్పుడల్లా కుడికాలితో నేలని తొక్కింది. చెప్పు కింద చిన్న గుంట పడింది. కారు వచ్చి ఆగాక, పరీక్ష పెట్టిన ఆఫీసరు దిగి కాయితం మీద సంతకం చేసి చెల్లెలికిచ్చాడు. తరవాత అక్కయ్య దగ్గరికి వచ్చాడు.

"పాసయిందండీ. కానీ మీ చెల్లెలు కాస్త దూకుడు మనిషి" అన్నాడు. "కొంచెం మెల్లగా పోనిమ్మని చెప్పండి."

అక్కయ్య ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. దూకుడు మనిషి. ఇంటికి వెళ్ళగానే అమ్మకి ఈ మాట చెప్పాలి. మా పిల్లిని మీరు చూసినట్టు మేమెవరం చూడలేదండీ అనబోయింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

తిరుగు దారిలో కూడా చెల్లెలే నడిపింది. అక్కయ్య అలవాటుగా చెప్పులు విప్పి కాళ్ళు పైకి లాక్కోబోయింది.

"కిందే పెట్టుకో అక్కా, తిమ్మిరెక్కుతాయి" అంది చెల్లెలు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నువ్వంతేలే. నాకలవాటే."

అక్కయ్య కాలు కిందికి దించింది. పెడలుకి జానెడు ఎడంగా పెట్టింది.