మధ్యలో సున్నా

మొన్న అంబాజీపేటలో బస్సు ఆగినప్పుడు, లారీకెత్తే కొబ్బరికాయల గుట్ట పక్కన విడిగా పెట్టిన నాలుగు కాయలు కంటపడ్డాయి. వంద లెక్కపెట్టగానే గుర్తుకి ఒక కాయ పక్కన పెట్టడం మా వైపు పద్ధతి. అంటే అప్పటికి నాలుగొందలు అయ్యాయన్నమాట. అవి చూడగానే, ఎనభైల మొదట్లో నేను కొత్తగా టీచరుగా చేరిన ఎలిమెంటరీ స్కూలు, అందులో అయిదో తరగతి పిల్ల ఒకతె గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

వాళ్ల నాన్న చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసేవారు. గుట్ట దగ్గర లెక్క ఈ పిల్లదే. వందల మీద వందలు వేసుకుంటూ వేల దాకా గడగడా చెప్పేసేది. రాయమంటేనే వచ్చేది తంటా. మూడువందల అయిదు అంటే పలక మీద 35 వేసేది. మూడు గుర్తుకాయలు, అయిదు విడికాయలు, అంతే. మరి ముప్పై అయిదు ఎలా రాస్తావంటే అదీ అలాగే రాసి, ఏది ఎంతో గుట్టని చూస్తే తెలిసిపోతుంది కదండీ అనేది. ఈనెపుల్లలు పదేసి కట్టలు కట్టాను, చింతగింజలు పోశాను. ఎవరూ లేకపోయినా ఇల్లు ఇల్లేగా, సున్నా కూడా అంతేనన్నాను. అన్నిటికీ "ఆయ్" అంటూ బుద్ధిగా తలూపేది. చివరికి మాత్రం, "అక్కడ కాయల్లేవు కదండీ, ఏం రాయాలండీ?" అనేది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అమలాపురంలో హాస్టలున్న బడిలో సీటుకి పరీక్ష పెట్టారు. నెగ్గితే చదువూ తిండీ వాళ్లవే. లేకపోతే కొబ్బరి పీచు తీసే పనికి పంపడానికి పిల్ల నాయనమ్మ అప్పటికే మాటిచ్చేసింది. వాళ్ల నాన్న ఉతికిన చొక్కా వేసుకుని మా ఇద్దరినీ బస్సెక్కించి తనూ వచ్చారు. లోపల నాలుగువందల ఏడు రాయమన్నారు. నేను బయట కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. నోరు విప్పకూడదు. నాలుగు వేసి ఆగింది. బలపం గాల్లోనే ఉంది. ఏదో గుర్తొస్తోంది దానికి, రావాలి, దేవుడా, రావాలి అనుకున్నాను. తల అడ్డంగా ఊపుకుని, పక్కనే ఏడు వేసి, నాకేసి నిండుగా నవ్వింది.

తిరిగొస్తుంటే వాళ్ల నాన్నే నన్ను ఓదార్చారు. "మీరు మాత్రం ఏం చేస్తారండి టీచరుగారూ, చెప్పని రోజుందాండి?"

వానలు పడేసరికి ఆ పిల్ల పీచు పనిలో ఉంది. చాలా ఏళ్లకి, మరో ఊరి బడిలో, వందలకీ, పదులకీ, ఒకట్లకీ మూడు బుట్టలు వరసగా పెట్టి మధ్యది ఖాళీగా వదిలేస్తే పిల్లలకి సున్నా ఇట్టే పట్టుబడింది. చెప్పడం నేర్చుకోవడానికి నాకు ఉద్యోగకాలమంతా ఉంది. ఆ పిల్లకి మాత్రం ఆ ఒక్క ఏడాదే ఉంది.