చెయ్యి వాసన చూసి పెట్టిన బజ్జీ

నా చిన్నప్పుడు మా సంతలో పిల్లలకు బజ్జీ దొరకాలంటే ముందు చెయ్యి చాపి వాసన చూపించాలి. ఈ మాట చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ, కూర్చోబెట్టి నమ్మించే ఓపిక నాకిప్పుడు లేదు. మోకాళ్ళు మొండికేశాయి, షుగరు వచ్చి కూర్చుంది, పొద్దున లేస్తే ఇంట్లో తిండి గురించి పంచాయితీ. ఫోను తెరిస్తే ఒకాయన అన్నం విషమంటాడు, ఇంకొకామె నూనె విషమంటుంది, మరొకాయన పాలు కూడా మానమంటాడు. వినీ వినీ తల వాచిపోయింది. ఇన్ని మాటలు లేకుండా ఒక్క ముక్కుతో ఈ పంచాయితీ తీర్చిన మనిషిని నేను చూశాను. ఆమె గురించి చెబుతాను.

మాది కొత్తచెరువు పక్కన ఒక చిన్న పల్లె. వారానికొకసారి సంత జరిగేది. సంత మొదట్లోనే నేలలో పొయ్యి తవ్వుకుని, పెద్ద బాండ్లి పెట్టుకుని, మిరపకాయ బజ్జీలు వేసే ముసలామె ఉండేది. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను బజ్జీలవ్వ అనే పిలిచేవాళ్ళు. ఆ రోజుల్లో మాకు అదే బయటి తిండి. నూనెలో బజ్జీ వేసిన చప్పుడు వినపడితే చాలు, సంతలో పిల్లలందరి కాళ్ళూ అటే తిరిగేవి. ఇప్పటి పిల్లలకు నాలుక ఎక్కువైందని మా వయసు వాళ్ళు అంటుంటే నాకు నవ్వొస్తుంది. మా నాలుకలు మాత్రం తక్కువ తిన్నాయా?

పెద్దవాళ్ళకు ఆమె ఏమీ అడగకుండా అమ్మేది. పిల్లలు పోతే మాత్రం "చెయ్యి ఈ పక్క పెట్టు" అని మణికట్టు పట్టుకుని ముక్కు దగ్గరికి లాక్కునేది. మా ఇళ్ళల్లో రోజూ రాగిసంగటి, అందులోకి ఊరుబిండి. వేయించిన చెనిక్కాయ గింజలు, అంటే వేరుశనగ పప్పులు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి రోట్లో వేసి నూరితే అదే ఊరుబిండి. అది కలుపుకుని తిన్న చెయ్యి బూడిద పెట్టి కడిగినా సాయంత్రం దాకా వెల్లుల్లి వాసన వేస్తూనే ఉంటుంది. ఆ వాసన తగిలితే బజ్జీ చేతిలో పెట్టేది. తగలకపోతే, "పో, పోయి సంగటి తినేసి రా. బజ్జీ యాడికీ పోదు, నేనూ యాడికీ పోను" అని తరిమేది. ఒకసారి పెద్దింటి పిల్లవాడొకడు వచ్చాడు. వాడి చెయ్యి వాసన చూసి, "నెయ్యి వాసనొస్తాంది. అదీ కూడే కదా, తీసుకో" అంది.

"ఏమవ్వా, నువ్వు యాపారం చేస్తాండావా, బడి చెప్తాండావా?" అని పక్కన బొరుగులమ్మే ఆయన ఎగతాళి చేసేవాడు. "నా బజ్జీలు తిని ఇంట్లో సంగటి వద్దంటే వాళ్ళమ్మలు నన్ను తిడ్తారు. ఆ తిట్లు నాకెందుకప్పా?" అనేది ఆమె. అంతకు మించి ఎప్పుడూ వివరం చెప్పలేదు.

మా అమ్మ ఆమె పొయ్యికి కంపకట్టెలు కొట్టి మోపులు వేసేది. ఆ కూలి కాకుండా, సంతరోజు నాకొక బజ్జీ ఖాయం. అందుకని ప్రతి సంతకూ నేను పోవాల్సిందే, చెయ్యి చాపాల్సిందే.

ఒక ఏడాది చెనిక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చేను నిలువునా ఎండింది. మా నాయన కన్నడ సీమకు కూలికి పోయాడు. మా అమ్మ కంకర కొట్టే పనికి పోయేది. అక్కడ కూలి గింజలు ఎప్పుడిస్తారో ఇచ్చేదాకా తెలియదు. ఇంట్లో రాగిపిండి అడుగంటింది. ముందు సంగటి గంజి అయింది, తర్వాత గంజి నీళ్ళయింది, ఆ తర్వాత ఉడకబెట్టిన ఆకు.

మా అమ్మకు ఆకలి కంటే పరువు పెద్దది. మధ్యాహ్నం కాగానే, ఎవరూ తినని గిన్నెల్ని కడిగి వాకిట్లో బోర్లించేది. దారిన పోయేవాళ్ళు చూసి వీళ్ళ భోజనాలైపోయాయి అనుకోవాలని. "ఎవురన్నా అడిగితే తిన్న్యామని చెప్పు. మన కడుపు ఊరికి చూపించేదానికి కాదు" అని నాకు గట్టిగా చెప్పింది. ఆమె పనికి పోయే రోజుల్లో గిన్నెలు బోర్లించే పని నాది. ఎండలో ఆ గిన్నెలు మెరుస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

అలాంటి రోజుల్లో సంత వచ్చింది. పోకపోతే పాప ఎందుకు రాలేదని అవ్వ మా అమ్మను అడుగుతుంది. పోతే చెయ్యి వాసన చూస్తుంది. రెండు వైపులా గొయ్యే. పైగా ఆకలి. బజ్జీ తలుచుకుంటే నోట్లో నీళ్ళు కాదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు పెరట్లో మా రోలు కనపడింది. ఊరుబిండి నూరి ఎన్నాళ్ళో అయినా, ఆ రాయికి కారం, వెల్లుల్లి పట్టేసి ఉన్నాయి. నీళ్ళు చిలకరించి రోలు గుంటలో అరచెయ్యి పెట్టి రుద్దాను. చర్మం ఎర్రబడేదాకా రుద్దాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వచ్చింది.

సంతలో నా ముందు నలుగురైదుగురు పిల్లలున్నారు, వెనకా ఉన్నారు. నా వంతు వచ్చింది. అవ్వ నా చెయ్యి వాసన చూసింది. వదల్లేదు. మళ్ళీ చూసింది. చెయ్యి తిప్పి గోళ్ళు చూసింది. సంగటి తిన్న చేతికి ఎంత కడిగినా గోళ్ళ మూలల్లో పిండి ఎండి పట్టుకుని ఉంటుంది. నావి శుభ్రంగా ఉన్నాయి. అరచెయ్యి దోక్కుపోయి ఉంది. ఆమె తల ఎత్తి నా ముఖం చూసింది.

ఇప్పుడు ఈమె నోరు తెరిచి "ఇది తినలేదే" అంటే చాలు, వెనకున్న పిల్లలు వింటారు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఇన్నాళ్ళూ మా అమ్మ బోర్లించిన గిన్నెలన్నీ నేనే తిప్పి చూపించినట్టవుతుంది. బజ్జీ మీద ఆశ పూర్తిగా పోయింది. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననుకున్నాను.

అవ్వ నోరు తెరిచింది. అందరికీ వినపడేటట్టు, "ఈ పాప చెయ్యి సరింగా కడుక్కోలేదు, ఎంగిలి చెయ్యి పెట్టుకోని వచ్చినాది. ఈ పక్క రా, నీళ్ళు పోస్తా" అని కసిరింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నాకు ఎంత చల్లగా తగిలిందో ఇప్పటికీ చెప్పలేను. ఎంగిలి చెయ్యి అంటే తిన్న చెయ్యి అనే కదా!

పొయ్యి వెనక గోనెపట్టా నీడ ఉంది. నన్ను అక్కడ కూర్చోబెట్టి, గుడ్డలో కట్టుకున్న తన సద్ది విప్పింది. సత్తుగిన్నెలో సంగటిముద్ద, పక్కన ఊరుబిండి. "పొద్దున్నుంచి పండ్లు సలుపుతాండాయి. ఈ సంగటి నాతో కాదు. నువ్వు తింటే తిను, లేకుంటే కుక్కకేస్తా. అదన్నా సంతోషపడ్తాది" అంది. అని నా వైపు చూడకుండా పోయి బాండ్లి ముందు కూర్చుంది.

నేను తిన్నాను. ఎలా తిన్నానో అడగొద్దు. గిన్నె నాకాను కూడా. అంతా అయ్యాక ఆమె వచ్చి, నా చెయ్యి తీసుకుని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వాసన చూసి, వేడి బజ్జీ పెట్టింది. "ఉత్త కడుపులో బజ్జీ పడితే మంట. సంగటి మీద పడితే పండగ. తెలిసిందా?" అంది. తెలిసిందన్నట్టు తల ఊపాను. ఆ బజ్జీ రుచి ఇప్పటిదాకా ఇంకే తిండికీ రాలేదు.

సంత విడిచాక ఆమె మా ఇంటికి వచ్చింది. నా సంగతి ఒక్క మాట ఎత్తలేదు. చంకలోని రాగిపిండి మూట అరుగు మీద పడేసి, "ఏమ్మే, పొద్దున్నే లేసి సద్ది కట్టుకునే ఓపిక నాకు ల్యా. నా ముద్ద కూడా నువ్వే కెలుకు. పిండి నాది, పొయ్యి నీది. నా ఒక్కదానికి కుండ ఏం పెడ్తావు గానీ, మీ ఇంటికీ అందులోనే ఏసుకో" అని మా అమ్మతో అంది. ఒక ముసలామె ముద్దకు అంత మూట ఎందుకని మా అమ్మ అడగలేదు. మూట ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. మరునాడు వాకిట్లో బోర్లించిన గిన్నెలు నిజంగా తిన్న గిన్నెలు. మళ్ళీ వానలు పడేదాకా ఆ మూట ఖాళీ కాకుండా ఆమె చూసుకుంది.

పై సంతకు నేను పోతే, అందరితో పాటు నా చెయ్యీ వాసన చూసింది. మినహాయింపు లేదు. పండ్లు సలుపుతున్నాయన్న మాట కూడా నేను చాలా ఏళ్ళు నిజమనే అనుకున్నాను. సంగటి నమిలేది కాదు కదా, మింగేది కదా, దానికి పండ్లతో పనేముంది అని నాకు తట్టేసరికి ఆమె లేదు. ఆ రోజు ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మనవరాలు ఈమధ్య బడిలో ప్రార్థనకు నిలబడి కళ్ళు తిరిగి పడింది. తొమ్మిదో తరగతి పిల్ల. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ మాత్రలు రాసింది. ట్యూషను దగ్గర బండి మీద అది తినే నూడుల్సు, మంచూరియా సంగతి మా అబ్బాయి అడిగితే, ఎప్పుడైనా ఒకసారి తింటే ఏమీ కాదు, అన్నానికి బదులు అవే తింటేనే కష్టం అని చెప్పింది. మా వాడి చెవికి రెండో సగమే ఎక్కింది. "ఈ పొద్దు నుంచి బండి తిండి బంద్" అని ఇంటికొచ్చి అరిచాడు. మా కోడలు పుట్టపర్తిలో లాడ్జిలో పని చేస్తుంది, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. "నాకేమన్నా నాలుగు చేతులుండాయా? నేనేం చేసేది?" అని ఆమె ఏడ్చింది. పిల్ల మూతి ముడుచుకుని ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. మంచం మీద కూర్చుని వింటున్న నాకు విసుగూ యాష్టా వచ్చాయి. ఆ అరుపులకు, నా మోకాళ్ళకు, అన్నిటికీ.

మరునాడు మనవరాలు బడి నుంచి రాగానే దగ్గరికి పిలిచి, "చెయ్యి ఈ పక్క పెట్టే" అన్నాను. మంచూరియా కోసం వెతుకుతున్నాననుకుంది. "ఏం తినల్యా అవ్వా, బాగా చూసుకో" అని విసురుగా చెయ్యి చాపింది. నిజమే. మసాలా వాసన లేదు, కూర వాసన లేదు, ఏ తిండి వాసనా లేదు. పెన్ను సిరా వాసన ఒక్కటే ఉంది. క్యారియరు విప్పితే పొద్దున కట్టిన అన్నం కట్టినట్టే గట్టిపడి ఉంది. ఇన్నాళ్ళూ అందరం నూడుల్సు మీద పడి కొట్లాడాం. దాని కింద కడుపులో ఏముందో ఒక్కరం అడగలేదు. ఇంట్లో పొద్దంతా కూర్చున్న నేను కూడా అడగలేదు. ఆ చెయ్యి పట్టుకుంటే నాకు మా రోలు గుర్తొచ్చింది.

ఉసూరుమంటూ లేచాను. రోట్లో నూరే బలం లేదు గానీ మిక్సీ ఉంది కదా. సంగటి కెలికి, ఊరుబిండి పెట్టాను. ఆ పిల్ల ముందు మూతి తిప్పింది, తర్వాత ముద్ద ముంచుకుంది, తర్వాత ఇంకొంచెం పెట్టమంది. "ఇప్పుడు ట్యూషనుకు పో. బండి కాడ తింటావో మానుతావో నీ ఇష్టం" అన్నాను. ఆ రోజు అది తినలేదట, కడుపు నిండా ఉందట. ఇప్పుడు వారానికొకసారి తింటుంది, నాకూ రెండు ముక్కలు పొట్లం కట్టి తెస్తుంది. షుగరున్నా సరే తింటాను, నా సంగటి తిన్నాకే. మా అబ్బాయి అరవబోతే, "ముందు దాని చెయ్యి వాసన చూడప్పా, తర్వాత అరుద్దువు" అంటాను. పిల్లకు రక్తం ఇంకా పూర్తిగా పట్టలేదు. ఇంట్లో పంచాయితీ కూడా పూర్తిగా ఆగలేదు. కొంచెం తగ్గింది, అంతే.

ఇప్పుడు నేను అడగకుండానే అది ట్యూషను నుంచి వచ్చి గడపలోనే చెయ్యి చాపుతుంది. పైన మంచూరియా వాసన ఉన్నా కింద వెల్లుల్లి తగిలితే చాలు, నేను నోరెత్తను. కానీ అన్ని రోజులూ ఒకలా ఉండవు. కొన్ని రోజులు మంచం దిగలేను. పొయ్యి వెలగదు, దానికి సంగటి ఉండదు. ఆ రోజు కూడా అలవాటు కొద్దీ అది చెయ్యి చాపుతుంది. ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటాను గానీ, వాసన మాత్రం చూడను. ఏ ముఖం పెట్టుకుని చూడను?