కుర్చీలోంచి లేవని చెల్లెలు

ఆ మ్యాపుల ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పెద్దమనిషిని అందరూ చాదస్తం గారనే పిలుస్తారు. ఆయనకు కోపం రాదు. ఎవరైనా ఉత్త చాదస్తం అంటే మాత్రం "గారు" మరిచారని గుర్తుచేస్తారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క తప్పు కాగితం మీద సంతకం పెట్టలేదు. దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు.

ఈసారి మాత్రం వ్యవహారం పీకల మీదికొచ్చింది. మ్యాపులు గీసే ఇద్దరిలో ఒకరినే ఉంచుతారట. ఒకామె సోడాబుడ్డి కళ్లద్దాల పెద్దావిడ. రెండో ఆమె ఆయన సొంత చెల్లెలు. ఆమె భర్తకు నడుము దెబ్బతిని ఆరు నెలలైంది, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. యునిక్స్ కంప్యూటర్లలో లాగిన్ రికార్డు చూసి, ఎవరు ఎక్కువ గంటలు పనిచేస్తే వాళ్లే ఉంటారని మేనేజరు తేల్చేశాడు.

"ఏం చెల్లెలండీ మీ చెల్లెలు!" అన్నాడు కాగితం చూపిస్తూ. "శుక్రవారం పొద్దున కూర్చుంటే సోమవారం పొద్దున దాకా లేవలేదు. డెబ్భై రెండు గంటలు! ప్రతి వారం ఇదే వరస. చివర 'క్రాష్' అని పడింది, సొమ్మసిల్లిందేమో పాపం. ఆ పెద్దావిడ చూడండి, ఐదున్నర కొట్టగానే మాయం. సరిచూసి ఓ సంతకం పడేయండి."

చాదస్తం గారికి చిటికెలో బోధపడింది. ఆరు గంటల బస్సు అందుకునే హడావిడిలో చెల్లెలు లాగౌట్ చెయ్యదు. పని సేవ్ చేసి, ప్లగ్గు పీకేసి పరుగెడుతుంది. సోమవారం మళ్లీ ఆన్ చేసేసరికి, ఆమె వెళ్లినట్టు కంప్యూటరు దగ్గర ఆనవాలే ఉండదు. అందుకని అప్పటిదాకా ఉందనుకుని లెక్కగట్టి, చివర క్రాష్ అని, అంటే తానే ఉన్నట్టుండి ఆగిపోయానని, రాసి ఊరుకుంటుంది. పెద్దావిడ పద్ధతిగా లాగౌట్ చేస్తుంది గనక ఆమె గంటలు ఉన్నవి ఉన్నట్టే పడ్డాయి.

నోరు మూసుకుంటే చెల్లెలి ఉద్యోగం నిలుస్తుంది. టీ చల్లారేదాకా ఆయన మూసుకునే కూర్చున్నారు. తర్వాత లేచి వెళ్లి మేనేజరుకు అంతా విప్పి చెప్పారు.

"ఇదంతా మిమ్మల్నెవరు అడిగారండీ?" అన్నాడు మేనేజరు దిగాలుగా.

"సరిచూడమన్నారు కదండీ," అన్నారాయన.

అసలు గంటలు లెక్కేస్తే, పొద్దున ముందుగా వచ్చే పెద్దావిడవే ఎక్కువ తేలాయి, ఆమెనే ఉంచారు. ఆ సాయంత్రం ఆయన చెల్లెలి ఇంటికి వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఆ గంటల సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు. కిందటి నెలే చూశాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకా? నీకు చెప్తే ఇంకేమన్నా ఉందా!" గిన్నె దబ్బున కింద పెట్టింది. "ఒక్క సంతకం అన్నయ్యా. చేతులు రాలేదా?"

"రాలేదమ్మా."

ఆమె ఏడ్చింది. ఆయనకూ ఏడుపు ఆగలేదు. ఎంత చాదస్తమైనా తోడబుట్టిన చెల్లెలు.

కాసేపటికి ఆమె ముఖం కడుక్కుని వచ్చింది. "వేరే ఆఫీసులో అడుగుతాను. నీ మాటైతే ఎవరైనా నమ్ముతారు, నువ్వే చెప్పాలి. రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తానని చెప్తావు? తొమ్మిదనేనా?"

"భోజనం గంట తీసేస్తే ఎనిమిదమ్మా," అన్నారు చాదస్తం గారు, కళ్లు తుడుచుకుంటూ.