బ్యాటరీల పేజీ

శనివారం ప్రిన్సిపాల్ నా చేతిలో ఒక లావుపాటి పుస్తకం పెట్టారు. "ఎయిర్ కార్గో సారు మానేశారు మేడం. సోమవారం నుంచి ఆ క్లాసు మీరే తీసుకోవాలి" అన్నారు. శంషాబాద్‌లోని ఆ చిన్న కాలేజీలో నేను కామర్స్ చెప్పేదాన్ని. కార్గో గురించి నాకేమీ తెలియదు.

ఆదివారమంతా అత్తాపూర్‌లో మా ఇంట్లో ఆ పుస్తకంతో కుస్తీ పట్టాను. ప్రమాదకరమైన సరుకుల అధ్యాయం మూడుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనన్న భయంతో అన్నం సహించలేదు.

సోమవారం క్లాసులో, ముందు బెంచీలో, పిల్లల మధ్య నలభై దాటిన ఒకామె కూర్చుంది. ఎయిర్‌పోర్టు దగ్గరి గోదాములో డబ్బాలకు లేబుళ్లు అంటిస్తానని చెప్పింది. పాఠం మొదలుపెట్టగానే ఆమె చెయ్యెత్తింది.

"మేడం, బ్యాటరీల డబ్బాలకు వేరే లేబుల్ ఎందుకేస్తరు?"

"నాకు తెలియదమ్మా. ఈ పుస్తకం మొన్ననే నా చేతికొచ్చింది" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నేను పదేండ్ల సంది అంటిస్తున్న. నాకు గూడ ఎవ్వలు చెప్పలే. జర సూడుండ్రి మేడం" అంది.

పేజీలు తిప్పి, జవాబు దొరికాక పైకి చదివాను. బ్యాటరీలు దెబ్బతింటే లోపల వేడెక్కి మంటలు లేవవచ్చట.

ఆమె ముఖం పాలిపోయింది. "గా డబ్బాలు ఒళ్లె పెట్టుకొని అంటించిన మేడం" అంది.

ఆ పేజీ మొత్తం ఆమె కోసం మళ్లీ నెమ్మదిగా చదివాను.