సండిగల కావలి

కమలమ్మకు కోపమొస్తే ముందు గిన్నెలకు తెలుస్తుంది. ఆ ఆదివారం ఆమె వంటింటి మోత వీధి చివరిదాకా వినిపించింది.

కారణం ఒక పుస్తకం. తమ్ముడు అమరనాథ్ బ్యాంకు ఉద్యోగంలో రిటైరై, మహదేవపుర అపార్ట్‌మెంట్‌లో ఏసీ కింద కూర్చుని, చిన్ననాటి ఎండాకాలాల మీద జ్ఞాపకాలు రాశాడు. చదువుతుంటే ఒంటికి ఎండ తగిలినట్టుందని అందరూ ఒకటే మెచ్చుకోవడం. కమలమ్మ మనవరాలు అనూష కూడా చదివింది.

"అవ్వా, సమ్మర్‌లో మిద్దె మీద సండిగలకి అమరనాథ్ తాతే కాపలా అంట కదా! బుక్‌లో నువ్వు లేనే లేవు. ఊరికి వెళ్ళిపోయేదానివా?" అని అడిగింది.

అంతే, కమలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఊరికి వెళ్ళడమా! ఆ ఇంట్లో వడియాలను సండిగలంటారు. ఏటా ఎండాకాలం అమ్మ తెల్లారకముందే పిండి ఉడికించి, మిద్దె మీద తడి పంచె పరిచి, సండిగలు పెట్టి మగ్గం దగ్గరికి దిగిపోయేది. ఇక పొద్దు వాలేదాకా వేపమండతో కాకుల్ని తోలేది కమలే. మగపిల్లాడు ఎండలో కమిలిపోతాడట! వాడు కింద నడవాలో చాప మీద పడుకుని అద్దె నవలలు చదివేవాడు. కమలకూ నవలలంటే ప్రాణమే. కథేమిటో చెప్పరా అంటే, నీకు అర్థం కాదులే అనేవాడు. మధ్యలో పైకొచ్చి సగం ఎండిన సండిగలు బొక్కి పోయేవాడు. కాకుల పాలు చేశావని తన్నులు తిన్నది కమల. ఇప్పుడు ఆ ఎండ కూడా వాడిదే అయిపోయింది. ఎంత అన్యాయం!

అక్క భోజనానికి పిలిచిందని మధ్యాహ్నం మురిసిపోతూ వచ్చాడు అమరనాథ్. చేతిలో పుస్తకం, దాని మీద సంతకం. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడో లేదో, కమలమ్మ వాకిట్లోకి వచ్చింది.

"అన్నం తర్వాత. పైకి రా అప్పా."

మిద్దె ఎక్కించింది. అనూష వెనకాలే వచ్చింది. పంచె మీద ఆనాటి సండిగలు ఆరుతున్నాయి.

"నేనే కావలి కాస్తినని రాసినావే, ఆ పేజీ చదువు. గట్టిగా."

రెండు వాక్యాలు చదివేసరికే అమరనాథ్ ఒక కాలు ఎత్తి ఒక కాలు దించడం మొదలుపెట్టాడు.

"అక్కా, కాళ్ళు కాల్తా ఉండాయి. చెప్పులు..."

"నాకిచ్చినారా చెప్పులు? చదువు!"

"చదివేదానికి బాగుంటాదని అట్ల రాసినా అక్కా."

"బాగుండేది నీకు, బొబ్బలు నాకా? నా మనవరాలే నన్ను ఊరికి పోయింటివా అని అడుగుతా ఉండాదిరా!"

అమరనాథ్ తల దించుకున్నాడు. అంతలో పిట్టగోడ మీది కాకి దిగి, అతని ముందే ఒక సండిగ ముక్కున కరుచుకుంది. అతను చూడనే లేదు. కమలమ్మ నోట "హుష్!" అని దానంతటదే వచ్చేసింది, చెయ్యి వేపమండ మీదికి పోయింది.

అనూష తాతవైపు చూసింది, అవ్వవైపు చూసింది.

కమలమ్మ వేపమండ తమ్ముడి చేతిలో పెట్టి పుస్తకం లాక్కుంది.

"ముందు పొద్దు వాలేదాకా కాయి. ఆమేలే రాద్దువు."

"అక్కా, చెప్పులన్నా..."

ఆమె వినిపించుకోలేదు. మనవరాలిని తీసుకుని దిగిపోయి, నడవాలో చాప పరిచి, ఫ్యాను వేసుకుని పడుకుంది. పుస్తకం మొదటి పేజీ తెరిచింది. పైన మిద్దె మీద అమరనాథ్ అటూ ఇటూ గెంతుతూనే ఉన్నాడు.