మూడో బ్లాకులో నేను కొట్టేయమన్న గోడ

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలమంతా పేదల కోసం ప్రభుత్వ ఇళ్లు గీస్తూ గడిపిన ఆర్కిటెక్ట్ ఒకాయన చికాగోలో ఉండేవాడు. ఆయన గీసిన ఆ పాత ఇళ్లకు ఇప్పుడు మరమ్మతు డ్రాయింగులు గీయడం నా ఉద్యోగం. మా ఊళ్లో ఇళ్లన్నీ పిల్లర్ల మీద నిలబడతాయి, మధ్య గోడ ఎవరికి అడ్డమొస్తే వాళ్లు తీసేస్తారు. ఆ ధైర్యంతోనే మూడో బ్లాకులో వంటింటి గోడ కొట్టేయమని గీశాను.

పని మొదలయ్యే రోజు, శివారు నేపర్‌విల్ నుంచి రైల్లో వెళ్తూ, ఆయన పాత డ్రాయింగు తెరిచాను. పిల్లర్లు లేవు. ఆయన ఒక్క గోడనీ ఊరికే నిలబెట్టలేదు. పై అంతస్తు నా గోడ మీదే ఉంది. ఆ అంతస్తులో ఒక ముసలావిడ ఉంటోంది.

వెంటనే ఆఫీసులోని తెలుగు సీనియర్‌కి ఫోన్ చేశాను.

"అన్నా, గోడ ఆపించు. తప్పు నాదే."

"హెచ్‌వన్ వీసా మీద ఉండి ఇంత నిజాయితీ ఏంట్రా? కాంట్రాక్టర్‌కి కాల్ చేస్తా, లైన్‌లో ఉండు."

రెండు స్టేషన్లు దాటాయి. వీసా సంగతి ఒక్కసారే గుర్తొచ్చింది, అదీ అలవాటుకొద్దీ.

"నాలుగు ఇటుకలు తీశార్రా. ఆపేశారు."

"పైనావిడ?"

"అల్మారాలో టీ కప్పులు కదిలాయని కిందికొచ్చి అరుస్తోందట. కంప్లైంట్ చేస్తుందట."

"చెయ్యనీ అన్నా. కంప్లైంట్‌లో నా పేరే రాయమను, స్పెల్లింగ్ కావాలంటే నేనే చెప్తా."